కంపెనీస్ హౌస్ సెర్చ్ రివ్యూ: విదేశీ నాయకులు లండన్‌లో దాచిన ఆస్తులు ఇందులో ఎంతవరకు దొరుకుతాయి

రేటింగ్ 5కి 4. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద లోపాలు కాస్త ఎక్కువే రాశాను, అవి చదివి సర్వీసు పనికిరాదేమో అనుకోకండి.

నేను రాస్తున్నది బ్రిటన్ ప్రభుత్వం నడిపే కంపెనీస్ హౌస్ ఆన్‌లైన్ సెర్చ్ గురించి. మనకి రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ ఎలాగో వాళ్ళకి ఇది అలాగ, హెడ్డాఫీసు కార్డిఫ్‌లో ఉంటుంది, 1844 నుంచి కంపెనీల వివరాలు రాసి పెడుతున్నారు. హైదరాబాద్‌లో కేవైసీ పని చేసేవాళ్ళకి దీన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు విదేశీ బ్యాంకుల బ్యాక్ ఆఫీసుల్లో మాలాంటివాళ్ళం షిఫ్ట్ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఒక ట్యాబ్‌లో దీన్ని తెరిచే ఉంచుతాం. ఫలానా కంపెనీకి బ్యాంకులో అకౌంట్ కావాలంటే దాని వెనక అసలు ఓనరు ఎవరు, ఆ మనిషి ఏ దేశంలోనైనా మంత్రో ఎంపీయో మిలిటరీ జనరలో లేక వాళ్ళ కొడుకో కోడలో అవుతారా అని చూడటమే మా పని, అలాంటివాళ్ళని మా భాషలో పెప్ అంటాం, పెప్ తగిలాడంటే ఆ ఫైల్ ఇంక మామూలుగా కదలదు, డబ్బు ఎక్కడిది, జీతం ఎంత, వారసత్వమా వ్యాపారమా, కాగితం ఏది అని అడుగుతూ కూర్చోవాలి.

అయితే ఈ రివ్యూ కేవైసీ వాళ్ళ కోసం మాత్రమే కాదండి. పేద దేశాల నాయకులు ప్రజల సొమ్ము తిని లండన్‌లో బంగళాలు కొనుక్కున్నారు అని పేపర్లో చదువుతుంటాం కదా, అది ఎలా బయటపడుతుంది, ప్రభుత్వాలు నిజంగా ఏమన్నా చేస్తున్నాయా అని ఆసక్తి ఉన్న ఎవరైనా ఈ సైట్ ఒక్కసారి తెరిచి చూడాలి. లాగిన్ లేదు, ఓటీపీ లేదు, పైసా కట్టక్కర్లేదు. ఏ దేశం నుంచైనా ఓపెన్ అవుతుంది.

ఎలా ఉంటుందో చెప్తా. సెర్చ్ బాక్సులో కంపెనీ పేరు గానీ మనిషి పేరు గానీ కొడితే లిస్టు వస్తుంది. కంపెనీ మీద నొక్కితే అడ్రస్, ఎప్పుడు పెట్టారు, నడుస్తోందా మూసేశారా అన్నీ మొదటి పేజీలోనే ఉంటాయి. పక్కన ఫైలింగ్ హిస్టరీ అని ఉంటుంది, అందులో కంపెనీ వేసిన కాగితాలు వరసగా ఉంటాయి, పీడీఎఫ్ దించుకోవచ్చు. పాతవి స్కాన్ చేసిన బొమ్మలు కాబట్టి లోపల వెతకడం కుదరదు, కూర్చుని చదవాల్సిందే. ఇంకో ట్యాబ్‌లో డైరెక్టర్లు, దాని పక్కనే పీఎస్‌సీ లిస్టు. పీఎస్‌సీ అంటే కంపెనీ మీద నిజంగా పట్టున్న మనిషి, అంటే 25 శాతానికి మించి షేర్లో ఓట్లో ఉన్నవాళ్ళు, లేదా బోర్డులో మెజారిటీ డైరెక్టర్లని పెట్టి తీసే హక్కున్నవాళ్ళు, లేదా ఇంకోలా కంపెనీని నడిపించేవాళ్ళు. పేరు, ఏ దేశస్తుడు, ఎక్కడ ఉంటాడు, పుట్టిన నెల, సంవత్సరం, షేర్లు 25 నుంచి 50 మధ్యా, 50 నుంచి 75 మధ్యా, 75 ఆ పైనా అని అన్నీ కనపడతాయి. పుట్టిన తేదీ, ఇంటి అడ్రస్ మాత్రం బయటికి చూపించరు, అది సబబే.

నాకు బాగా నచ్చింది ఏంటంటే డైరెక్టర్ పేరు మీద నొక్కితే ఆ మనిషి ఇంకా ఏయే కంపెనీల్లో ఉన్నాడో, ఎక్కడెక్కడ రాజీనామా చేశాడో మొత్తం ఒకే పేజీలో వచ్చేస్తుంది. ఒక కంపెనీ కోసం వెళ్తే పది కంపెనీలు దొరుకుతాయి. ఛార్జెస్ అనే ట్యాబ్ చాలామంది చూడరు గానీ దాన్ని వదలొద్దు, ఆస్తి తాకట్టు పెట్టి ఏ బ్యాంకు దగ్గర లోన్ తీసుకున్నారో అందులో ఉంటుంది, ఒక్కోసారి ఏ ఇంటి మీద లోనో అడ్రస్‌తో సహా ఉంటుంది, ఓనరు మాకు ఆస్తుల్లేవు అని ఎంత చెప్పినా తాకట్టు కాగితం అబద్ధం చెప్పదు.

ఇదంతా మొదటి నుంచీ ఇలా లేదు. ఒకప్పుడు ఒక్కో కాగితానికి డబ్బు కట్టి తీసుకోవాల్సి వచ్చేది, 2015 జూన్‌లో డిజిటల్ డేటా అంతా ఫ్రీ చేశారు. పీఎస్‌సీ రిజిస్టర్ 2016లో వచ్చింది, ఆ ఏప్రిల్‌లోనే పనామా పేపర్స్ బయటపడ్డాయి, మొసాక్ ఫోన్సెకా అనే ఒక్క లా ఫర్మ్ నుంచి 1 కోటి 15 లక్షల డాక్యుమెంట్లు, ప్రపంచంలో ఎంతమంది నాయకుల పేర్లు వాటిలో ఉన్నాయో అప్పట్లో టీవీల్లో చూశాం కదా. మే నెలలో అప్పటి ప్రధాని కామెరాన్ లండన్‌లో అవినీతి మీద పెద్ద సదస్సు పెట్టారు. కంపెనీ అసలు ఓనరు పేరు జనం అందరికీ కనపడేలా పెట్టిన దేశాల్లో బ్రిటన్ ముందు వరసలో ఉంది, ఆ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటా.

ఇది నిజంగా పనిచేసిన కేసు ఒకటి చెప్తా, మన పక్క దేశానిదే. బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా ప్రభుత్వంలో సైఫుజ్జమాన్ చౌధురి అని భూముల శాఖ మంత్రి ఉండేవాడు. ఆ దేశంలో మామూలు పౌరుడు ఏడాదికి 12,000 డాలర్లకి మించి బయటికి తీసుకెళ్ళకూడదని రూలు. 2024లో ముందు బ్లూంబర్గ్, తర్వాత అల్ జజీరా రిపోర్టర్లు బ్రిటన్ రికార్డులు తిరగేస్తే ఆయన కంపెనీల చేతిలో అక్కడ 350కి పైగా ఇళ్ళు, ఫ్లాట్లు తేలాయి. సెంట్రల్ లండన్‌లో ఖరీదైన అపార్ట్‌మెంట్లు, బంగ్లాదేశీలు ఎక్కువగా ఉండే టవర్ హామ్లెట్స్‌లో ఇళ్ళు, లివర్‌పూల్‌లో స్టూడెంట్ హాస్టళ్ళు. ఎన్నికలప్పుడు ఇచ్చిన ఆస్తుల డిక్లరేషన్‌లో ఇవి లేవు. తనకి విదేశాల్లో సొంత వ్యాపారాలున్నాయని, ఆ డబ్బుతో సక్రమంగానే కొన్నానని ఆయన అన్నాడు. 2024 ఆగస్టులో హసీనా ప్రభుత్వం పడిపోయింది, 2025 జూన్‌లో బ్రిటన్ నేషనల్ క్రైమ్ ఏజెన్సీ ఆయన ఆస్తులు ఫ్రీజ్ చేయించింది, దాదాపు 17 కోట్ల పౌండ్ల విలువని వార్తలు. ఫ్రీజ్ అంటే నేరం రుజువైనట్టు కాదు, అమ్మకుండా ఆపడం మాత్రమే, అది గుర్తుంచుకోవాలి.

ఈ కేసులో నన్ను పట్టేసిన విషయం ఏంటంటే ఎవరో లోపలివాళ్ళు దొంగతనంగా డాక్యుమెంట్లు లీక్ చెయ్యక్కర్లేకపోయింది. పనామా పేపర్స్‌కి లీక్ కావాల్సి వచ్చింది, పండోరా పేపర్స్‌కి లీక్ కావాల్సి వచ్చింది. ఇక్కడ కంపెనీస్ హౌస్‌లో పేరు, ల్యాండ్ రిజిస్ట్రీలో ఇల్లు, రెండూ అందరికీ తెరిచి ఉన్నవే, ఓపిగ్గా కలిపి చూసినవాడికి దొరికాయి. ఢాకాలో కూర్చున్న రిపోర్టరైనా చూడొచ్చు, హైదరాబాద్‌లో కూర్చున్న నేనైనా చూడొచ్చు. అందుకే ప్రభుత్వం ఒక రిజిస్టర్ పెట్టి దాన్ని పోలీసులకి, బ్యాంకులకి మాత్రమే చూపిస్తాం అంటే నాకు నచ్చదు. పోలీసులు కేసు ఉంటేనే తెరుస్తారు, అసలు కేసు మొదలవ్వాలంటే ముందు ఎవరో ఒకరికి అనుమానం రావాలి కదా.

ఇంక లోపాలు. అన్నిటికన్నా పెద్దది, చాలా ఏళ్ళపాటు ఈ ఆఫీసు ఏది రాసిస్తే అది నమ్మి ఎక్కించుకుంది. కంపెనీ పెట్టడానికి ఆన్‌లైన్‌లో 12 పౌండ్లు ఉంటే చాలేది, పేరు నిజమా కాదా అడిగేవాడు ఉండేవాడు కాదు. ఈ సంగతి చూపించడానికి 2013లో ఒకాయన ఏకంగా అప్పటి బిజినెస్ మంత్రి విన్స్ కేబుల్ పేరు మీదే ఒక కంపెనీ పెట్టి చూపించాడు, తర్వాత ఇంకో మంత్రి పేరుతో, ఒక ఎంపీ పేరుతో కూడా పెట్టాడు. లోపాన్ని సరిచెయ్యాల్సింది పోయి 2018లో ఆయన మీదే తప్పుడు సమాచారం ఇచ్చాడని కేసు పెట్టి జరిమానా వేశారు, అలాంటి కేసు అదే మొట్టమొదటిదని గొప్పగా ప్రకటించుకున్నారు కూడా. నాకు ఇప్పటికీ అది చదివితే కోపం వస్తుంది. అదే 2018లో గ్లోబల్ విట్‌నెస్ అనే సంస్థ పీఎస్‌సీ డేటా మొత్తం దించుకుని చూస్తే రెండేళ్ళు కూడా నిండని పిల్లలు ఓనర్లుగా ఉన్న ఎంట్రీలు దాదాపు 4,000 తేలాయి. లండన్‌లో హార్లీ స్ట్రీట్ 29 నంబర్ బిల్డింగ్ ఒక్కదాని అడ్రస్ మీద 2,000కి పైగా కంపెనీలు ఉండేవి.

స్కాటిష్ లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ అని ఇంకో రకం ఉంది, అంటే స్కాట్లాండ్‌లో రిజిస్టర్ చేసే భాగస్వామ్య సంస్థ, నంబర్ ఎస్ఎల్ అక్షరాలతో మొదలవుతుంది, కేవైసీలో కొత్తగా చేరినవాళ్ళు ఇది చూడగానే ఒకసారి ఆగాలి. 2014లో మోల్డోవా బ్యాంకుల నుంచి దాదాపు 100 కోట్ల డాలర్లు మాయమయ్యాయి, ఆ దేశం ఆదాయంతో పోలిస్తే అది ఎంత పెద్ద దెబ్బో అర్థం చేసుకోండి, మామూలు జనం రోడ్లెక్కారు, ఆ డబ్బు వెళ్ళిన దారిలో ఎడిన్‌బరో అడ్రస్‌తో ఉన్న ఇలాంటి పార్ట్‌నర్‌షిప్ ఒకటి తేలింది. అసలు ఓనరు పేరు చెప్పాలన్న రూలు వీటికి 2017లో గానీ పెట్టలేదు.

ఇప్పుడు మార్పు వచ్చింది, అది కూడా చెప్పాలి. 2023 చివర్లో ఎకనామిక్ క్రైమ్ చట్టం పాసయింది, 2024 మార్చి 4 నుంచి కంపెనీస్ హౌస్ వాళ్ళకి కాగితం మీద అనుమానం వస్తే ప్రశ్న అడిగే అధికారం, వెనక్కి పంపే అధికారం, తప్పుడు ఎంట్రీలు తీసేసే అధికారం వచ్చాయి. ఉత్త పోస్ట్ బాక్సుని ఆఫీసు అడ్రస్‌గా ఇవ్వడం కుదరదు. 2024 మేలో కంపెనీ పెట్టే ఫీజు 12 నుంచి 50 పౌండ్లకి పెంచారు, ఆ డబ్బుతో చెక్ చేసే మనుషుల్ని పెట్టుకోవచ్చు కాబట్టి నేను దాన్ని సమర్థిస్తా. 2025 నవంబర్ 18 నుంచి కొత్త డైరెక్టర్లు, కొత్త పీఎస్‌సీలు గుర్తింపు రుజువు చేసుకోవడం తప్పనిసరి చేశారు, పాతవాళ్ళకి ఏడాది గడువు ఇచ్చారు. పాస్‌పోర్టు, మొహం సరిపోల్చి చూస్తారు. ఇది చాలా ఏళ్ళ క్రితమే చెయ్యాల్సిన పని.

కానీ దీనితో అంతా అయిపోయిందని నేను అనుకోవట్లేదు. గుర్తింపు చెక్ చేస్తే ఆ పేరుతో ఒక మనిషి నిజంగా ఉన్నాడని తెలుస్తుంది, అంతే. ఆ మనిషే అసలు ఓనరా, లేక నాయకుడి డ్రైవరో బావమరిదో బినామీగా కూర్చున్నాడా అన్నది పాస్‌పోర్టు చెప్పదు. బినామీ అంటే ఏంటో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, మన ఊళ్ళలో భూములు ఎవరి పేరు మీద ఉంటాయో, ఎవరు అనుభవిస్తారో చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. పనివాడి పేరు మీద, అసలు పాస్‌పోర్టుతో, సొంత మొహంతో రిజిస్టర్ అయిన కంపెనీని ఈ సిస్టమ్ ఆపలేదు. అక్కడ మనిషి బుర్ర పెట్టాలి: 23 ఏళ్ళ కుర్రాడు, ఉద్యోగ చరిత్ర లేదు, కోటి పౌండ్ల ఇంటికి ఓనరు అంటే ఎక్కడో తేడా ఉంది.

తర్వాత విదేశీ కంపెనీల రిజిస్టర్, ఇది కూడా ఇదే సైట్‌లో ఉంది, నంబర్ ఓఈ అక్షరాలతో మొదలవుతుంది. దీని కథ విచిత్రం. నాయకుల డబ్బు ఎక్కువగా వెళ్ళేది బ్రిటన్ కంపెనీల్లోకి కాదు, బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్, జెర్సీ, పనామా లాంటి చోట్ల పెట్టిన కంపెనీల్లోకి, ఆ కంపెనీ లండన్‌లో ఇల్లు కొంటుంది, ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ కంపెనీ పేరు మాత్రమే ఉంటుంది, వెనక ఎవరున్నారో దేవుడికే తెలియాలి. దీనికీ రిజిస్టర్ పెడతామని 2016 నుంచి చెప్తూనే ఉన్నారు, పెట్టలేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్ళింది, రష్యా కోటీశ్వరుల ఇళ్ళు లండన్ నిండా ఉన్నాయని గోల మొదలైంది, అంతే, ఏళ్ళ తరబడి కదలని చట్టం కొన్ని వారాల్లో పాసయిపోయింది, మార్చి 15న రాజముద్ర పడింది, ఆగస్టు 1న రిజిస్టర్ తెరిచారు, 2023 జనవరి 31 కల్లా అందరూ పేర్లు ఇవ్వాలన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 1999 తర్వాత కొన్న ఆస్తులన్నిటికీ వర్తిస్తుంది. పేరు ఇవ్వకపోతే ఆస్తి అమ్మడం కుదరదు, జరిమానా వేరే. మనసుంటే మార్గముంటుంది అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు, అదే పని ఆరేళ్ళ ముందు చేసుంటే ఎంతమంది అమ్ముకుని వెళ్ళిపోకుండా ఉండేవాళ్ళో.

వాడకంలో ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఇంటి అడ్రస్ కొట్టి ఓనరు ఎవరో చూసుకుందాం అంటే ఈ సైట్‌లో కుదరదు. ముందు ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్ళు ఫ్రీగా ఇచ్చే విదేశీ కంపెనీల ఆస్తుల డేటా ఫైల్ దించుకోవాలి, అందులో అడ్రస్ వెతికి కంపెనీ పేరు పట్టుకోవాలి, ఆ పేరుని తీసుకొచ్చి ఇక్కడ కొట్టాలి. ఒక్కో ఇంటి టైటిల్ కాగితం విడిగా కావాలంటే అది 7 పౌండ్లు, 2024 డిసెంబర్ దాకా 3 ఉండేది. పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా కలవదు. ఈ రెండు ప్రభుత్వ ఆఫీసులూ డేటా కలిపి ఒకే సెర్చ్ పెడితే ఎంతమందికి ఉపయోగమో.

అసలు రంధ్రం ట్రస్టులు. విదేశీ కంపెనీ ఓనరుగా ఒక ట్రస్ట్ ఉంటే పేజీలో ట్రస్టీ కంపెనీ పేరు కనపడుతుంది, అది మామూలుగా ఇలాంటి పనే చేసే ఏదో సర్వీస్ కంపెనీ, లబ్ధి పొందే మనిషి పేరు ప్రభుత్వానికి ఇస్తారు గానీ మనకి కనపడదు. దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చే పద్ధతి తర్వాత తెచ్చారు గానీ, దరఖాస్తు పెట్టాలంటే ముందే దేనికోసం వెతుకుతున్నామో తెలిసి ఉండాలి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, వార్విక్ యూనివర్సిటీ వాళ్ళు 2023లో లెక్క తీస్తే విదేశీ షెల్ కంపెనీల, అంటే పేరుకి మాత్రమే ఉండే కంపెనీల చేతిలో ఉన్న ఆస్తుల్లో దాదాపు 70 శాతానికి అసలు ఓనరు ఎవరన్నది జనానికి ఇంకా తెలియట్లేదని తేలింది. నేను ఒక స్టార్ కోసింది దీనికే.

పేరు దొరికాక ఏమవుతుంది అని అడుగుతారు చాలామంది. దానికి 2018 జనవరి నుంచి అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్ వెల్త్ ఆర్డర్ అని ఒకటి ఉంది, అంటే నీ ఆదాయానికీ ఈ ఆస్తికీ పొంతన లేదు, ఎలా కొన్నావో నువ్వే చెప్పు అని కోర్టు అడగడం. మొదటి ఆర్డర్ అజర్‌బైజాన్ ప్రభుత్వ బ్యాంకు మాజీ ఛైర్మన్ జహంగీర్ హజియేవ్ భార్య జమీరా మీద పడింది. ఆయనకి స్వదేశంలో 2016లో 15 ఏళ్ళ జైలు శిక్ష పడింది. లండన్ నైట్స్‌బ్రిడ్జ్‌లో 1 కోటి 15 లక్షల పౌండ్ల ఇల్లు, అది వర్జిన్ ఐలాండ్స్ కంపెనీ పేరు మీద, బెర్క్‌షైర్‌లో ఒక గోల్ఫ్ కోర్స్. ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న హారడ్స్ షాపులో పదేళ్ళలో 1 కోటి 60 లక్షల పౌండ్ల షాపింగ్, అది కూడా 35 క్రెడిట్ కార్డుల మీద, కార్డులు భర్త పనిచేసిన బ్యాంకు ఇచ్చినవే. ప్రభుత్వ బ్యాంకు ఛైర్మన్ జీతంతో అది సాధ్యమా అన్నదే ప్రశ్న, ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా 2020 డిసెంబర్‌లో అప్పీల్ తీసుకోలేదు.

కానీ రెండో పెద్ద కేసు తిరగబడింది. కజకిస్తాన్ మాజీ అధ్యక్షుడు నజర్‌బయేవ్ కూతురు, మనవడికి సంబంధించిన 8 కోట్ల పౌండ్ల ఇళ్ళ మీద ఇచ్చిన ఆర్డర్లని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని జడ్జి అన్నారు, పైగా అవతలివాళ్ళ లాయర్ల ఖర్చు నేషనల్ క్రైమ్ ఏజెన్సీ నెత్తిన పడింది. ఆ దెబ్బకి తర్వాత చాలాకాలం కొత్త ఆర్డర్లు అడగడమే మానేశారు. ఓడిపోతే కట్టాల్సిన ఖర్చుకి పరిమితి పెట్టి 2022 చట్టంలో దాన్ని కొంత సరిచేశారు. కాబట్టి రిజిస్టర్ మన చేతిలో పెట్టేది పేరు మాత్రమే, దాన్ని పట్టుకుని కోర్టులో గెలవడానికి డబ్బూ ఓపికా ఉన్న అధికారులు వేరే కావాలి.

వేరే దేశాల సర్వీసులతో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. అమెరికాలో 2010లో క్లెప్టోక్రసీ అసెట్ రికవరీ ఇనిషియేటివ్ అని న్యాయశాఖలో పెట్టారు, క్లెప్టోక్రసీ అంటే పాలకులే దేశాన్ని దోచుకోవడం, అది రిజిస్టర్ కాదు, నేరుగా ఆస్తి మీద కేసు వేసే టీము. ఈక్వటోరియల్ గినీ అధ్యక్షుడి కొడుకు ఒబియాంగ్ మీద వాళ్ళు వేసిన కేసు చదివితే కడుపు మండిపోతుంది, మంత్రిగా ఏడాదికి లక్ష డాలర్ల లోపు జీతం, చేతిలో 30 కోట్ల డాలర్లకి పైగా ఆస్తి, మాలిబులో బంగళా, జెట్, ఫెరారీ, మైకేల్ జాక్సన్ వేసుకున్న రాళ్ళు పొదిగిన గ్లవ్. 2014లో సెటిల్ అయింది, ఆ డబ్బులో 2 కోట్ల 66 లక్షల డాలర్లు అదే దేశ ప్రజలకి కోవిడ్ వ్యాక్సిన్లకి, మందులకి వాడతామని 2021లో ప్రకటించారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా సంతోషం కలిగించిన వార్త అదే, దోచిన సొమ్ము దోపిడీకి గురైనవాళ్ళ దగ్గరికి ఇంజెక్షన్ రూపంలో తిరిగి చేరడం. అలాంటి టీముని 2025 ఫిబ్రవరిలో రద్దు చేశారు. కంపెనీల అసలు ఓనర్ల వివరాలు ఇవ్వాలన్న చట్టం నుంచి కూడా మార్చిలో అమెరికన్ కంపెనీలని తప్పించేశారు, ఆ వివరాలు జనానికి ఎప్పుడూ చూపించలేదు కూడా.

యూరోపియన్ యూనియన్‌లో 2022 నవంబర్ 22న అక్కడి అత్యున్నత కోర్టు, అసలు ఓనర్ల పేర్లు జనం అందరికీ చూపించడం ప్రైవసీకి భంగం అని తీర్పు ఇచ్చింది, వెంటనే లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ లాంటి దేశాలు రిజిస్టర్లు మూసేశాయి. రిపోర్టర్లు, సంస్థలు కారణం చూపించి అడిగితే ఇస్తున్నారు. ప్రైవసీ వాదనని నేను తీసిపారెయ్యను, ప్రాణభయం ఉన్నవాళ్ళు ఉంటారు, దానికి బ్రిటన్‌లో విడిగా అప్లై చేసుకుంటే పేరు దాచే ఏర్పాటు ఉంది కదా, ఆ కొద్దిమంది కోసం అందరి పేర్లూ దాచడం ఏం న్యాయం. మన దేశంలో కూడా కంపెనీలో 10 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ వాటా ఉన్న అసలు మనిషి వివరం ఇవ్వాలని రూలు ఉంది, కానీ కార్పొరేట్ వ్యవహారాల శాఖ వాళ్ళ ఎంసీఏ పోర్టల్‌లో కాగితాలు చూడాలంటే లాగిన్ కావాలి, ఫీజు కట్టాలి. ఎన్నికల్లో నిలబడే మన నాయకుల అఫిడవిట్లు ఫ్రీగా చూస్తున్నాం, వాళ్ళ కంపెనీల వెనకున్న పేర్లు కూడా అలాగే చూసే రోజు రావాలి.

కొత్తగా వాడేవాళ్ళకి నాలుగు మాటలు. పేరు ఒకే స్పెల్లింగ్‌తో వెతికి దొరకలేదని వదిలెయ్యకండి, అరబిక్, రష్యన్, బెంగాలీ పేర్లు ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు, ఒకే మనిషికి రెండు మూడు వేరే వేరే పేజీలు ఉంటాయి, పుట్టిన నెల, సంవత్సరం సరిపోల్చుకుంటే తెలుస్తుంది. అలాగే ఒకే పేరున్న వేరే మనిషిని నాయకుడనుకుని పోస్టులు పెట్టకండి, ఇది ఇంకా పెద్ద తప్పు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో అడ్రస్ పెట్టి వెతికితే అదే గదిలో ఇంకెన్ని కంపెనీలున్నాయో వస్తాయి. పీఎస్‌సీ ఎవరూ లేరు అని కంపెనీ ప్రకటించిందంటే అక్కడితో ఆగొద్దు, నలుగురు సమానంగా 25 శాతం పెట్టుకుంటే పరిమితి దాటదు, షేర్ల లిస్టు ఫైలింగ్ హిస్టరీలో కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ అని కంపెనీ ఏటా వేసే కాగితంలోనో కంపెనీ పెట్టినప్పటి కాగితంలోనో ఉంటుంది, దాన్ని తెరవండి. కంపెనీ పేజీలో ఫాలో బటన్ నొక్కితే కొత్త కాగితం పడ్డప్పుడల్లా మెయిల్ వస్తుంది, దానికి మాత్రం ఉచిత అకౌంట్ ఒకటి చేసుకోవాలి.

పాత డైరెక్టర్లకి, పీఎస్‌సీలకి ఇచ్చిన గుర్తింపు గడువు 2026 నవంబర్‌తో అయిపోతుంది. అప్పటికి రుజువు చేసుకోకుండా మిగిలిపోయిన పేర్ల మీద వీళ్ళు నిజంగా చర్య తీసుకుంటారా, లేక ఇంకో గడువు ఇస్తారా చూసి ఈ రివ్యూలో రేటింగ్ మారుస్తాను, ట్రస్టుల పేర్లు నేరుగా కనపడేలా చేస్తే 5కి 5 ఇస్తాను.